చార్మినార్ (పాతబస్తీ)

చార్మినార్ అంటే బయటివాళ్లకు నాలుగు మీనార్ల కట్టడం, హైదరాబాదీలకు ఒక పేట. మూసీ నదికి దక్షిణాన, పత్తర్‌గట్టి నుంచి శాలిబండ దాకా, పడమట ఖిల్వత్, హుస్సేనీ ఆలం మొదలుకొని తూర్పున మీరాలం మండీ దాకా అల్లుకున్న గల్లీలన్నీ కలిసి ఒక చిన్న పట్టణమంత ఉంటాయి. ఈ పేటకు సొంత బజార్లున్నాయి, ఊరేగింపులున్నాయి, తిండివేళలు కూడా వేరు. శాసనసభలో దీని పేరుతో ఒక నియోజకవర్గం ఉంది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర చిహ్నంలో కాకతీయ కళాతోరణం నడుమ చార్మినార్‌కు చోటిచ్చారు.

ఈ పేట కథను రాజుల వరుసలో చెప్పడం ఆనవాయితీ. కానీ దర్బారు ఇక్కడినుంచి రెండుసార్లు లేచిపోయింది. రెండుసార్లూ బజారు మాత్రం కదల్లేదు. అందుకని ఈ వ్యాసంలో రాజులకంటే అంగళ్లకే ఎక్కువ చోటు.

పుట్టుక

పదహారో శతాబ్దం రెండో సగానికి గోల్కొండ కోట జనంతో కిక్కిరిసింది. సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా 1578లో మూసీ మీద వంతెన కట్టించాడు. ఇప్పుడు పురానాపూల్ అంటున్నది దాన్నే. ఆ వంతెన దాటి దక్షిణపు ఒడ్డుకు దారి పడ్డాక కొత్త నగరం అక్కడ లేవడం కాలం చూసుకుని జరగాల్సిన పనే. ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ కుతుబ్ షా 1580లో గద్దెనెక్కి, 1591లో ఆ పని మొదలుపెట్టాడు. హిజ్రీ లెక్కలో అది వెయ్యో సంవత్సరం. నగర నిర్మాణానికి పథకం వేసింది ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చి పేష్వా పదవికి ఎదిగిన మీర్ మోమిన్ అని చరిత్రకారులు చెబుతారు.

గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వెళ్లే వర్తకపు దారిని ఇంకో దారి అడ్డంగా కోసేచోట చార్మినార్ లేచింది. గోల్కొండ వజ్రాలు, కోస్తాలో అద్దిన కలంకారీ బట్టలు ఈ రాజ్యాన్ని పర్షియాతోనూ ఐరోపాతోనూ కలిపిన రోజులవి. కట్టడం నాలుగు ముఖాలా నాలుగు పెద్ద కమానులు పెట్టి, ఒక్కో కమానుకు ఎదురుగా ఒక్కో రాస్తా తీశారు. ఊరంతా ఆ నాలుగు రాస్తాల మీద నుంచే పెరిగింది. సమాధి కాదు, రాజభవనం కాదు, కోటగుమ్మం కాదు. ఒక కూడలికి ఇంత కట్టడం కట్టిన రాజులు మన దేశంలో అరుదు.

ఎందుకు కట్టించాడన్నదానికి రెండు మూడు కథలున్నాయి. మహమ్మారి తగ్గితే మసీదు కట్టిస్తానని మొక్కుకున్నాడని ఒకటి. హిజ్రీ వెయ్యేళ్ల గుర్తు అని ఇంకొకటి. జనానికి ఇష్టమైంది భాగమతి కథ: మూసీ అవతలి చిచెలం గ్రామపు నాట్యకత్తె కోసం యువరాజు వరదలో గుర్రం దూకించాడని, ఆమె పేరనే భాగ్యనగరం కట్టాడని. పదిహేడో శతాబ్దపు ఐరోపా యాత్రికులు ఈ ఊరిని బాగ్‌నగర్ అనే రాశారు. కుతుబ్‌షాహీల చరిత్రను లోతుగా పరిశీలించిన హెచ్.కె. షేర్వాణీ మాత్రం భాగమతి కల్పితమేనన్నారు. గోల్కొండ నుంచి చార్మినార్ దాకా సొరంగం ఉందన్న మాటకు ఇంతవరకూ ఆధారం దొరకలేదు. అయినా గైడ్లు ఆ సొరంగాన్ని పూడ్చనివ్వరు.

కట్టడం

గట్టిరాయి, డంగు సున్నంతో కట్టి పైన గచ్చుపని చేశారు. మీనార్ల ఎత్తు సుమారు 56 మీటర్లు. మెలికలు తిరిగే 149 మెట్లెక్కితే పైకి చేరతాం. పై అంతస్తులో పడమటి వైపు మసీదు ఉంది. ఈ నగరంలో మొదటి మసీదు అదేనని చెబుతారు. మీనార్ల చుట్టూ పూలతీగలు, రేకులు, వసారాల కటకటాలు అన్నీ గచ్చుతో తీర్చినవే. ఎంత సొగసుగా కనిపించినా వానకూ పొగకూ ముందు లొంగేది ఆ గచ్చే. 2019 మే 1న ఒక మీనారు నుంచి గచ్చు పెళ్ల ఊడి కిందపడింది. నాలుగు ముఖాలకూ ఉన్న గడియారాలు కుతుబ్‌షాహీలవి కావు, 1889లో ఆరో నిజాం కాలంలో అమర్చినవి.

చార్మినార్‌కు ఉత్తరంగా కొద్దిదూరంలో చార్ కమాన్ ఉంది. నాలుగు కమానుల నడుమ గుల్జార్ హౌజ్ అనే నీటితొట్టి. పడమటి కమాను రాజభవనాలకు దారి. తూర్పుది కాలీ కమాన్, అక్కడ రాచనగారా మోగేది. ఉత్తరాన మఛిలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్. ఈ కమానుల వెనక దాద్ మహల్, ఖుదాదాద్ మహల్ లాంటి పెద్ద భవంతులు ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. ఆ కాలంవాటిలో మిగిలినవి పేటకు ఉత్తరాన 1595 నాటి ఆసుపత్రి దారుల్‌షిఫా, రంగు పలకల గోడలున్న బాద్‌షాహీ అషుర్‌ఖానా, చార్మినార్ పక్కనే ఉన్న 1597 నాటి జామే మసీదు.

మక్కా మసీదుది వేరే కథ. మహమ్మద్ కులీ తర్వాతి సుల్తాను మహమ్మద్ కుతుబ్ షా 1617లో పునాది వేశాడు. పని సాగీ ఆగీ ముగ్గురు సుల్తానులను దాటి, చివరికి వాళ్ల రాజ్యాన్ని కబళించిన ఔరంగజేబు చేతులమీదుగా 1694లో పూర్తయింది. ఒక్క పెద్ద బండను గని నుంచి తియ్యడానికే ఐదారువందల మంది ఐదేళ్లు పనిచేశారని, దాన్ని లాగడానికి 1,400 ఎడ్లు కట్టారని ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే రాశాడు. సుమారు పదివేలమంది ఒకేసారి నమాజు చేసుకోగలిగే మసీదు ఇది. పక్క ఆవరణలో రెండో నిజాం నుంచి ఆరో నిజాం దాకా ఆసఫ్‌జాహీ పాలకుల సమాధులున్నాయి. 2007 మే 18న శుక్రవారం ప్రార్థన వేళ ఇక్కడ బాంబు పేలింది. పేలుడులో కొందరు, ఆ తర్వాత వీధిలో జరిగిన పోలీసు కాల్పుల్లో మరికొందరు చనిపోయారు.

రెండుసార్లు లేచిపోయిన దర్బారు

1685లో ఔరంగజేబు కొడుకు షా ఆలం సైన్యం హైదరాబాదులో దిగింది. గోడ లేని ఊరు కావడంతో దోపిడీకి అడ్డు లేకపోయింది. సుల్తాను తానీషా గోల్కొండ కోటలోకి వెళ్లి తలుపులు మూసుకున్నాడు. మరుసటి ఏడాది ఆయన మంత్రులు, హనుమకొండ అన్నదమ్ములు అక్కన్న, మాదన్నలను గోల్కొండ వీధుల్లో చంపారు. భద్రాచలం గుడి కట్టించి చెరసాల పాలైన కంచర్ల గోపన్నకు వాళ్లు మేనమామలు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పడింది. తానీషాను దౌలతాబాద్‌లో బంధించారు. దక్కను పరిపాలన ఔరంగాబాద్‌కు తరలిపోయింది.

సుమారు ముప్పాతిక శతాబ్దం పాటు హైదరాబాదు రాజు లేని ఊరుగా ఉంది. ఆ మధ్యలోనే మొగల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ ఊరిచుట్టూ గోడ మొదలుపెడితే మొదటి నిజాం నిజాముల్‌ముల్క్ పూర్తి చేశాడు. రెండో నిజామైన నిజాం అలీ ఖాన్ హయాంలో దర్బారు ఔరంగాబాద్ నుంచి తిరిగొచ్చింది. ఆయనకు ముందు పాలించిన సలాబత్ జంగ్ కాలంలో మొదలైన చౌమహల్లా భవనాలు ఒక వందేళ్లకు, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలానికి పూర్తయ్యాయి. కొత్త పాలకుల పట్టాభిషేకాలు, దర్బార్లు అక్కడ జరిగేవి. చుట్టూ అమీర్లు, దివాన్లు, పేష్కార్లు తమతమ దేవిడీలు (పెద్ద లోగిళ్లు) కట్టుకున్నారు. సాలార్‌జంగుల దివాన్ దేవిడీ, మాల్‌వాలా కాయస్థుల చెక్క మహలు, శాలిబండలో మహారాజా కిషన్ పర్షాద్ దేవిడీ ఆ కాలంవే. దర్బారులో లెక్కలు రాసిన కాయస్థులు, ఖత్రీలు, వడ్డీ వ్యాపారం చేసిన మార్వాడీలు, కాపలా కాసిన హద్రమౌత్ అరబ్బులు, గౌలిపురా, లాల్ దర్వాజాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లు ఒకే గోడ లోపల కాపురాలు చేశారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. ఊరికి ఉత్తరపు అంచంతా కొట్టుకుపోయి వేలమంది చనిపోయారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద నది ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. వరద తర్వాతే నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. పత్తర్‌గట్టిలో రాతి కమానుల అంగళ్ల వరుస కట్టారు. కానీ 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం నది అవతల కింగ్ కోఠీలో కాపురం పెట్టాడు. దర్బారు రెండోసారి లేచిపోవడమంటే ఇదే. రాజు వెనకే అమీర్లు, కొత్త ఆఫీసులు, బ్యాంకులు, విశ్వవిద్యాలయం అన్నీ ఉత్తరానికే నడిచాయి.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య, మరుసటి ఏడాది జాగీర్ల రద్దు పాతబస్తీ మీద ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. జాగీరు రాబడి మీద బతికిన దేవిడీలకు వంటమనిషి జీతం ఇవ్వడమే కష్టమైంది. ఎందరో పాకిస్తాన్ వెళ్లిపోయారు. దేవిడీలు ముక్కలై, కొన్ని ఫంక్షన్ హాళ్లయి, కొన్ని అంగళ్లయి, కొన్ని పేరుకే మిగిలాయి. డెబ్భైల తర్వాత గల్ఫ్ ఉద్యోగాలు ఈ గల్లీలకు మళ్లీ డబ్బు తెచ్చాయి. ఆ దశాబ్దాల్లోనే మతఘర్షణలు, కర్ఫ్యూలు కూడా ముదిరాయి; 1990 డిసెంబరు అల్లర్లు అందులో అతి దారుణం. అల్లర్ల చోటన్న పేరుపడ్డాక ఇతర ప్రాంతాల వాళ్లు పాతబస్తీకి రావడం తగ్గించుకున్నారు. ఆ భయం పోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

బజార్లు

చార్మినార్ పడమటి కమాను ఎదుట లాడ్ బజార్. లక్క గాజులకు దేశంలో దీన్ని మించిన వీధి లేదు. మెత్తబడిన లక్కను నిప్పుల మీద వేడిచేస్తూ కడ్డీలా సాగదీసి, కోసి, గుండ్రంగా చుట్టి కొసలు కలుపుతారు. చల్లారకముందే సైజు సరిచేస్తారు. ఆ తర్వాత అద్దాలు, రంగురాళ్లు, పూసలు ఒక్కొక్కటే చేత్తో అద్దాలి. లక్క వేడి తగ్గితే రాయి పట్టదు, పెరిగితే గాజు ఆకారం పోతుంది. చాలా భాగం పని అంగడిలో కాదు, వెనక గల్లీల ఇళ్లలో, ఆడవాళ్ల చేతుల మీద నడుస్తుంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు గాజుకు వచ్చింది గానీ, రాళ్లు పొదిగేవాళ్ల కూలి మీద దాని ప్రభావం ఎంతో ఆ గల్లీల్లోనే అడగాలి. లాడ్ బజార్ అసలు గిరాకీ పెళ్లిళ్లది. గాజుల జోళ్లు, ఖడా దుపట్టా, అత్తరు, మెహందీ అన్నీ ఒకే నడకలో కొనెయ్యవచ్చు. బేరం ఆడకుండా అడిగిన డబ్బు ఇచ్చేస్తే అమ్మేవాడికే తృప్తి ఉండదు.

గుల్జార్ హౌజ్ దగ్గర నగలు, వెండి. పత్తర్‌గట్టిలో ముత్యాలు. సముద్రం చూడని ఊరికి ముత్యాల పేరెలా వచ్చిందంటే, నిజాముల మోజు వల్ల. గల్ఫ్ జలాల ముత్యాలు బస్రా మీదుగా ఇక్కడికి చేరేవి. వాటికి సన్నగా రంధ్రం వెయ్యడం, వన్నెలు చూసి వేరుచెయ్యడం, దండ గుచ్చడం ఇక్కడివాళ్ల చేతిపని అయింది. ఇప్పుడు అమ్ముతున్నవి చాలావరకు చైనా మంచినీటి ముత్యాలు. మూలం మారినా గుచ్చే చేతులు ఇక్కడే ఉన్నాయి. మిఠాయిల మీద అంటించే వెండి వరఖ్‌ను తోలు దొంతర మధ్య పెట్టి సుత్తితో గంటల తరబడి కొట్టే పనివాళ్లు కూడా ఈ గల్లీలవాళ్లే. యంత్రాల వరఖ్ వచ్చాక ఆ సుత్తుల చప్పుడు పలచబడింది.

మదీనా చౌరస్తా, పటేల్ మార్కెట్, రికాబ్ గంజ్, ఘాన్సీ బజార్ బట్టలవి. జిల్లాల నుంచి చిల్లర వ్యాపారులు మూటలు కట్టించుకుని వెళ్లేది ఇక్కడినుంచే. తెలంగాణ ఊళ్లలో పెళ్లిబట్టల బేరం చాలాకాలం మదీనాలోనే తేలేది. ఛత్తా బజార్‌లో పెళ్లి శుభలేఖల అచ్చుపని. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు ఏ లిపిలో కావాలన్నా అదే గల్లీలో దొరుకుతుంది. మీరాలం మండీ కూరగాయలది, కిరాణాది. మహబూబ్ చౌక్‌లో 1892 నాటి గడియార స్తంభం ఉంది, కానీ జనం ఆ చోటును అక్కడ అమ్మే కోళ్ల పేరుతో ముర్గీ చౌక్ అంటారు. ప్రభుత్వ నిజామియా యునానీ ఆసుపత్రి చార్మినార్ నీడలోనే ఉంది. చుట్టుపక్కల మూలికల అంగళ్లు దాని గిరాకీతోనూ బతుకుతాయి.

ఊరేగింపులు

నాలుగు రాస్తాలు కలిసేచోటు కాబట్టి ఊరిలోని ప్రతి ఊరేగింపూ చార్మినార్ ముందు నుంచి పోవాల్సిందే. మొహర్రం పదో రోజున దబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం (పీరు) ఏనుగు మీద బయల్దేరి, ఇటుగా సాగి చాదర్‌ఘాట్ దగ్గర ముగుస్తుంది. ఆ ఆలంను నెలకొల్పింది హయాత్ బక్షీ బేగం అని చెబుతారు. ఆమె మహమ్మద్ కులీ కూతురు, ఆయన తర్వాతి సుల్తానుకు భార్య, ఆ తర్వాతి సుల్తానుకు తల్లి. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ అని హిందువులు కూడా జరుపుకునేదానికి రాచనగరపు రూపం ఇది.

ఆషాఢంలో బోనాలు గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ మీదుగా చివరకు పాతబస్తీకి వస్తాయి. లాల్ దర్వాజా సింహవాహిని మహంకాళి గుడి వీటిలో ముఖ్యమైంది. 1908 వరదప్పుడు దివాన్ కిషన్ పర్షాద్ సలహాతో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మూసీకి పసుపు కుంకుమలు, ముత్యాలు సమర్పించాడని ఆ గుడివాళ్లు చెబుతారు. చనిపోయిన మంత్రుల పేరే నిలిచిన హరిబౌలి అక్కన్న మాదన్న గుడి నుంచి మరునాడు ఘటం ఏనుగు మీద బయల్దేరుతుంది. మిగతా గుళ్ల ఘటాలు, పోతురాజులు కలుస్తారు. అంతా కలిసి చార్మినార్, గుల్జార్ హౌజ్, మదీనా దాటి నయాపూల్ వైపు సాగుతారు. కొన్నేళ్లు మొహర్రం, బోనాలు కొద్దిరోజుల తేడాలో పడతాయి. ఒకే దారి, ఒక్కోసారి ఒకే ఏనుగు. వినాయక నిమజ్జనానికి బాలాపూర్ నుంచి హుస్సేన్ సాగర్‌కు వెళ్లే పెద్ద ఊరేగింపుకూ, మీలాద్ జులూస్‌కూ ఇదే రాస్తా.

ఆగ్నేయపు మీనారుకు ఆనుకుని భాగ్యలక్ష్మి గుడి ఉంది. దీపావళికి అక్కడ పెద్ద వరుస ఉంటుంది. కట్టడంతో పోలిస్తే గుడి చాలా తర్వాతిదని పురావస్తు శాఖ చెప్పింది. భక్తుల వాదన వేరు. 2012 నవంబరులో గుడి దగ్గర జరిగిన పనులతో వివాదం రేగి నగరంలో ఉద్రిక్తత నెలకొంది. అప్పటినుంచి ఎన్నికలొస్తే నాయకులు తప్పకుండా దిగే చోట్లలో ఇదొకటి అయింది.

తిండి

తెల్లవారకముందే నహారీ, కుల్చా. ఆ తర్వాత ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. మక్కా మసీదు పక్కన నిమ్రా హోటల్ ముందు నిలబడి తాగేవాళ్లతో వీధి నిండిపోతుంది. అదే పొద్దున గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి మీద వెన్న దోశ. రంజాన్‌లో సాయంత్రం నుంచి హలీం బట్టీలు. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాంసపు వంటకానికి అలాంటి గుర్తింపు మన దేశంలో అదే మొదలు. పండుగకు ముందు వారంలో బజారు రాత్రంతా నడుస్తుంది. ఆ రాత్రుల్లో కొనేవాళ్లలో ముస్లింలతో సమానంగా ఇతరులూ కనిపిస్తారు.

అక్షరాల్లో, దూరదేశాల్లో

మహమ్మద్ కులీ దక్కనీలో పెద్ద సంపుటమంత కవిత్వం రాశాడు. ఆయన తండ్రి ఇబ్రహీం తెలుగు కవులకు మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమైంది. తెలుగు కథలోకి ఈ గల్లీల్ని నిండుగా తెచ్చింది నెల్లూరి కేశవస్వామి. ఆయన 'చార్మినార్' కథల్లో నవాబుల దేవిడీలు, వాటిలో పనిచేసిన హిందూ కుటుంబాలు, 1948 తర్వాత తారుమారైన బతుకులు ఉంటాయి. కోస్తా నుంచి వచ్చే తెలుగు కథ చూడని హైదరాబాదు అది. పరవస్తు లోకేశ్వర్ నవల 'సలాం హైద్రాబాద్' ఇదే నగరాన్ని తెలంగాణ ఉద్యమకాలపు కళ్లతో చెప్పింది. అటు కరాచీలో హైదరాబాదు నుంచి వెళ్లినవాళ్లు స్థిరపడిన బహదూరాబాద్ కూడలిలో ఒక చిన్న చార్మినార్ కట్టుకున్నారు. వదిలివెళ్లిన ఊరిలో కోటలూ మహళ్లూ ఎన్నో ఉండగా, వాళ్లు తిరిగి కట్టుకున్నది నాలుగు దారుల కూడలినే.

ఇప్పుడు

చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులతో కలిపి 2010లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. బండ్ల పొగ, అదురు కట్టడాన్ని తినేస్తున్నాయని తొంభైల చివర్లో పాదచారుల పథకం తలపెట్టారు. రాళ్లు పరచి, వాహనాలు ఆపి చుట్టూ నడవడానికి వీలు చెయ్యడానికి రెండు దశాబ్దాలు పట్టింది. 2021 అక్టోబరులో ఆదివారం సాయంత్రాల వేడుకలు ప్రారంభమయ్యాయి. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీకి వచ్చినవాళ్లు ఇక్కడ నడిచి లాడ్ బజార్‌లో గాజులు తొడుక్కున్నారు. సరిగ్గా అదే వారంలో, మే 18 తెల్లవారి, గుల్జార్ హౌజ్ దగ్గర కింద నగల అంగళ్లు, పైన ఇళ్లు ఉన్న పాత భవనం అంటుకుని చిన్నపిల్లలతో సహా 17 మంది చనిపోయారు. లోపలికి వెళ్లడానికీ బయటికి రావడానికీ ఇరుకైన ఒక్కటే దారి. ముఖానికి రాళ్లు పరచిన శ్రద్ధలో కొంతైనా వెనక గల్లీల కరెంటు తీగలకూ మెట్లకూ అందలేదు.

మహబూబ్ అలీ ఖాన్ 1900లో కట్టించిన సర్దార్ మహల్‌ను చాలా ఏళ్లు నగరపాలక సంస్థ ఆఫీసుగా వాడి, ఇప్పుడు సాంస్కృతిక కేంద్రంగా మార్చే పని పెట్టుకున్నారు. 2024 మార్చి 8న పాతబస్తీ మెట్రోకు ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన జరిగింది. ఎంజీబీఎస్ నుంచి దారుల్‌షిఫా, మీరాలం మండీ, ఏతేబార్ చౌక్, శాలిబండల మీదుగా వెళ్లే ఆ మార్గం చార్మినార్‌ను తాకదు. దాని పేరు పెట్టుకున్న స్టేషను కూడా అరకిలోమీటరు దూరంలో వస్తుంది. దారి విస్తరణకు వందలాది అంగళ్లు, ఇళ్లు పోవాల్సి ఉంది. 2025 జనవరి నుంచి పరిహారం చెక్కులు ఇస్తున్నారు. తరతరాలుగా అద్దెకు అంగడి నడుపుతున్నవాళ్ల వాటా ఎంతన్నది ఆ దారి పొడుగునా ఇప్పుడు వినిపిస్తున్న ముఖ్యమైన బేరం.